అర క్షణం ముందే

అన్నయ్యకి ఆ పాటలో పల్లవి తప్ప మాటలేవీ సరిగ్గా రావు. పల్లవి అయ్యాక వచ్చే వేణువు బిట్ మాత్రం ఈలతో వాయించేవాడు. ప్రతిసారీ వేణువు కంటే అర క్షణం ముందే ఎత్తుకునేవాడు. "కాస్త ఆగు అన్నయ్యా, పాడు చేస్తావు" అని నేను విసుక్కునేవాణ్ణి.

తను పోయిన మూడో నెలలో, బస్సులో ఎవరి ఫోన్‌లోనో ఆ పాట మొదలైంది. పల్లవి దాకా బాగానే ఉన్నాను. వేణువు రాబోయే ముందు చిన్న ఖాళీ ఉంటుంది. ఆ ఖాళీలో ఈల లేదు. నేను దిగాల్సిన చోటికి ఇంకా రెండు స్టాపులు ఉండగానే దిగిపోయి, రోడ్డు పక్కన చాలాసేపు నిలబడిపోయాను.

ఇంటికి రాగానే పాటని ఫోన్‌లోంచి తీసేశాను. కొన్నాళ్లకి ఆ గాయకుడి పాటలన్నీ తీసేశాను. తర్వాత వేణువుతో మొదలయ్యే పాట ఏదొచ్చినా గదిలోంచి లేచి వెళ్లేవాణ్ణి. తప్పించుకోవడానికి గీసుకున్న గీత నెలనెలా నా వైపే జరుగుతూ వచ్చింది. అలా రెండేళ్లు గడిచాయి.

అన్నయ్య పోయేనాటికి పాపకి నాలుగేళ్లు. ఒకరోజు ఫోన్‌లో అడిగింది: "బాబాయ్, నాన్న ఈల వేసేవాడట కదా, ఎలా వేసేవాడు?" వదిన దగ్గరున్న వీడియోల్లో అన్నయ్య మాట్లాడతాడు, నవ్వుతాడు. ఈల ఎక్కడా లేదు. అది మిగిలింది నా చెవిలోనే. దాన్ని పాపకి ఇవ్వాలంటే పాట వినక తప్పదు.

వినే ముందు చదివాను. భయానికి కారణం తెలిస్తే కాస్త ధైర్యం వస్తుందనిపించింది. పీటర్ జనాటా అనే మెదడు శాస్త్రవేత్త 2009లో ఒక పరిశోధన ప్రచురించాడు. 13 మంది విద్యార్థులకి, వాళ్లకి 8 నుంచి 18 ఏళ్ల వయసున్నప్పుడు బాగా వినిపించిన పాటల ముక్కలు వినిపిస్తూ మెదడుని స్కాన్ చేశాడు. సొంత జ్ఞాపకాన్ని లేపిన పాట వచ్చినప్పుడు నుదుటి వెనక మధ్యభాగం చురుకైంది. మన గురించి మనం ఆలోచించుకునేటప్పుడు పనిచేసే చోట్లలో అదొకటి. అన్నయ్యా నేనూ ఆ పాట విన్నది నా పదమూడో ఏట. నేనెవరో నాకు తెలియవస్తున్న రోజుల్లోనే అది నాలో చేరిందన్నమాట.

ఇంకొకటి చదివాక బస్సులో జరిగింది అర్థమైంది. 2011లో మాంట్రియల్‌లో వాలరీ సలింపూర్, రాబర్ట్ జటోరె బృందం, ఒళ్లు పులకరించేంత ఇష్టమైన సంగీతం వింటున్నవాళ్ల మెదడులో, సంతోషంతో ముడిపడిన డోపమైన్ అనే రసాయనం ఎక్కడ విడుదలవుతుందో చూసింది. పులకింత వచ్చిన క్షణంలో ఒకచోట, దానికి కొన్ని సెకన్ల ముందు, ఎదురుచూపులో, వేరొకచోట. అంటే రాబోయే స్వరం కోసం మనసు ముందే సిద్ధమై కూర్చుంటుంది. నా మనసు వేణువు కోసం ఎదురుచూడలేదు, ఈల కోసం చూసింది. అదే రాలేదు.

మొదట పాట జోలికి వెళ్లలేదు. మాటలు కాగితం మీద రాసుకుని చదివాను, పద్యం చదివినట్టు. గొంతు పట్టుకుంది కానీ చదవగలిగాను. వారం తర్వాత బాగా తగ్గించిన వాల్యూమ్‌తో పల్లవి ఒక్కటే విని, ఖాళీ రాకముందే ఆపాను. ఇయర్‌ఫోన్లు పెట్టుకోలేదు, గదిలో కాస్త దూరంగా మోగితే పాట మనమీద పడిపోదు. వినబోయే ముందు వదినకి చెప్పేవాణ్ణి. తను ఏమీ అడిగేది కాదు. అరగంట తర్వాత ఒక మిస్డ్ కాల్ ఇచ్చేది, అంతే. ఆ మిస్డ్ కాల్ విలువ నాకే తెలుసు.

నాలుగోవారం ఖాళీ దాటాను. ఏడ్చాను, ఆపలేదు, చివరిదాకా విన్నాను. ఏడుపుతో పాటు మరిచిపోయినవీ వచ్చాయి: మెట్ల మీద కూర్చుని మోకాలి మీద వేళ్లతో తాళం వేయడం, ఈల వేసే ముందు పెదాలు తడుపుకోవడం. ఇవేవీ ఏ ఫోటోలోనూ లేవు.

ఇక్కడే ఒక పొరపాటు చేశాను. ధైర్యం వచ్చింది కదా అని ఒకరోజు వరసగా ఐదుసార్లు విన్నాను. ఐదోసారి ఏమీ అనిపించలేదు. మంచి పాట, మంచి వేణువు, అంతే. ఏడుపు కంటే అదే ఎక్కువ భయపెట్టింది. ఒక పాట ఒక్క కాలానికే ముడిపడి ఉంటే ఆ కాలాన్ని సూటిగా లేపుతుంది. రోజూ వింటుంటే వంట చేస్తూ విన్నది, నడుస్తూ విన్నది అన్నీ దానికి అంటుకుని, పాతది వాటి కిందకి వెళ్లిపోతుంది. విన్నకొద్దీ నొప్పి తగ్గుతుంది నిజమే, కానీ ఆ తగ్గేదాంట్లో అన్నయ్య కూడా కొంత పోతున్నాడేమో అనిపించింది. పాటకి అలవాటు పడిపోతే బాధ పోతుందని చెప్పేవాళ్ల మాట నేను వినలేను. నాకు బాధ పూర్తిగా పోవాలని లేదు. భరించగలిగితే చాలు.

అందుకే నెలరోజులు ముట్టుకోలేదు. ఆ నెలలో, గుర్తొచ్చినవన్నీ ఒక నోట్‌బుక్‌లో రాశాను. వదినకి చదివి వినిపిస్తే, ఒక వాన సాయంత్రం గురించి రాసినచోట ఆపింది. ఆ సాయంత్రం వాన పడలేదట, కరెంటు పోయిందట. నా జ్ఞాపకంలో మాత్రం వాన చప్పుడు స్పష్టంగా ఉంది. కొట్టేయలేదు. పక్కనే వదిన మాట కూడా రాశాను.

తర్వాత పాప దగ్గరికి వెళ్లాను. పిల్లలు తమ కాలపు పాటలతోనే కాదు, తల్లిదండ్రులు యవ్వనంలో విన్న పాటలతోనూ గట్టి అనుబంధం పెంచుకుంటారని కెరొల్ క్రుమ్‌హాన్సల్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 2013లో చూపింది. ఇంట్లో పెద్దవాళ్లు వింటుంటే అవి పిల్లలకీ చేరతాయి. ఇక్కడ వినిపించాల్సిన మనిషి లేడు, నేనున్నాను.

పాట పెట్టాను. ఖాళీ వచ్చింది. అన్నయ్యలాగే అర క్షణం ముందు ఈల ఎత్తుకున్నాను. గొంతు వణికింది కానీ ఈల ఆగలేదు. వదిన వంటింట్లోంచి వచ్చి గుమ్మం దగ్గర నిలబడింది.

పాపకి ముందు గాలే వచ్చింది. పది రోజులు పట్టింది ఈల పలకడానికి. పదకొండో రోజు ఫోన్ చేసి వినిపించింది, వేణువుతో సరిగ్గా కలిపి.

"కొంచెం ముందు ఎత్తుకోవాలమ్మా" అన్నాను.

"అప్పుడు తప్పవుతుంది కదా బాబాయ్?"

"అవును. అలాగే వెయ్యి."