బీపీ చూడటం నేర్చుకుంటుంటే నా బీపీ బయటపడింది

ఆరేళ్లు రాత్రిపూట ఆఫీసులు శుభ్రం చేసే పని చేశాక నర్సింగ్ అసిస్టెంట్ శిక్షణలో చేరాను. ఉచితం అన్నారు, నిజమే, ఫీజు తీసుకోలేదు, కానీ ఏ రోజు కూలి ఆ రోజు తెచ్చుకునే వాళ్లకు క్లాసులో కూర్చున్న ప్రతి గంటా పోయిన కూలే, ఆ లెక్క ఎవరూ వేయరు. అందుకే మొదటి నెల రాత్రంతా పనిచేసి పొద్దున్నే అటునుంచి అటే క్లాసుకి వెళ్లేదాన్ని.

రెండో వారంలో బీపీ చూడటం నేర్పారు. ఐదు నిమిషాలు ఊరికే కూర్చోవాలి, వీపు ఆనించి, పాదాలు నేలమీద పెట్టి, చెయ్యి గుండె ఎత్తులో ఉంచి, మాట్లాడకుండా. ఒకరికొకరం చూసుకుంటుంటే నాది 162/104 వచ్చింది. మిషన్‌లో తేడా ఉందేమో అనుకున్నాం. మేడమ్ మర్నాడు చూశారు, పై వారం మళ్లీ చూశారు, ఒక్కసారి కూడా 140/90 కిందకి దిగలేదు. తలనొప్పి లేదు, కళ్లు తిరగడం లేదు, నాకెలా తెలుస్తుంది? డాక్టర్ దగ్గరికి వెళ్తే ఒక రోజు కూలి పోతుందని అన్నేళ్లూ వెళ్లనేలేదు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ కలిసి 2021లో వేసిన అంచనా ఒకటి క్లాసులో చెప్పారు. వారానికి 35-40 గంటలు పనిచేసే వాళ్లకన్నా, 55 గంటలు లేదా అంతకు మించి చేసేవాళ్లకు పక్షవాతం ముప్పు 35 శాతం ఎక్కువట. నా గంటలు వేళ్ల మీద లెక్కేసుకున్నాను, అరవై దాటాయి. ఆ రాత్రి పనిలో ఉన్నంతసేపూ అదే టెన్షన్.

రెండో నెల నుంచి స్టైపెండ్ ఇచ్చారు కాబట్టి రాత్రి పని మానగలిగాను. నా పక్కన కూర్చునే అమ్మాయి, మా అందరికన్నా చురుకైనది, పసిబిడ్డను చూసేవాళ్లు లేక మూడో వారంలోనే ఆగిపోయింది. క్లాసు దగ్గరే పిల్లల్ని ఉంచే గది ఒకటి ఉండి ఉంటే ఆ అమ్మాయి ఇప్పుడు నాతోపాటు డ్యూటీలో ఉండేది, ఆ బాధ నాకింకా పోలేదు.

ఉద్యోగం వెంటనే రాలేదు. రెండు చోట్ల నైట్ డ్యూటీ మాత్రమే అన్నారు, వద్దన్నాను. ఇప్పుడు పగటి డ్యూటీ. జీతం పెద్దగా పెరగలేదు కానీ జీతంతో కూడిన సెలవు ఉంది, చెకప్‌కి వెళ్లినా డబ్బు పోదు, మాత్ర రోజూ ఒకే టైముకి వేసుకుంటున్నాను, రాత్రి నిద్రపోతున్నాను. మొన్న చూస్తే 128/82.

నడుం నొప్పి మాత్రం కొత్తగా మొదలైంది. పేషెంట్‌ని లేపేటప్పుడు ఇద్దరు పట్టాలని శిక్షణలో నేర్పారు, వార్డులో చాలాసార్లు నేనొక్కదాన్నే ఉంటాను. ఇంకో మనిషిని వేయమని రెండుసార్లు అడిగాను, ఈ వారం మళ్లీ అడుగుతాను.