చేతికి రంగు అంటించే పుస్తకాలు

ఇవాళ చెప్పుకోదగ్గ పనేం జరగలేదు. మధ్యాహ్నం దాకా ల్యాప్‌టాప్ చూసి చూసి కళ్ళు మండుతుంటే ఇక చాల్లే అని మూసేసి, అలమరాలో అడ్డంగా పడేసిన సన్న పుస్తకాల దొంతర కిందకి దించా. చిన్న ప్రెస్సులవాళ్ళు ఏ 200, 300 కాపీలో వేసి ఊరుకునే రకం ఇవన్నీ, నిలబెడితే నిలబడవు, స్పైన్ మీద పేరుండదు (అంత చోటెక్కడిది అసలు), ఒకటి కావాలంటే అన్నీ తీయాల్సిందే, అలా తీసిన పాపానికి సాయంత్రం మొత్తం నేల మీదే గడిచిపోయింది.

ముందు చేతికొచ్చింది రిసోగ్రాఫ్ అనే ప్రింటింగ్ మిషన్‌లో వేసింది. లోపల ఒక్క అక్షరం లేదు, గుండ్రాలు, చతురస్రాలు, వాటి మీదుగా పోయే గీతలు, అంతే. ఫ్లోరసెంట్ పింకూ నీలం రెండే రంగులు, ఒకదాని మీద ఒకటి పడ్డచోట ఊదా పుడుతుంది. రిసో మిషన్ పైకి జిరాక్స్ మిషన్‌లాగే ఉంటుంది గానీ లోపల పని స్టెన్సిల్‌ది, సన్నటి మాస్టర్ షీటుకి వేడితో చిల్లులు పడతాయి, దాన్ని డ్రమ్ముకి చుడితే ఆ చిల్లుల్లోంచి ఇంకు కాగితం మీదకి దిగుతుంది, ఒక్కో రంగుకి ఒక్కో డ్రమ్ము. రెండో రంగుకి కాగితం మళ్ళీ లోపలికి వెళ్ళినప్పుడు వెంట్రుకవాసి అటో ఇటో జరుగుతుంది, నా కాపీలో ఒక వలయం అంచున సన్నగా తెల్లటి నెలవంక మిగిలింది, ఇంకొకళ్ళ కాపీలో అది ఉండకపోవచ్చు. ఆ ఇంకు ఆరేది కాగితంలోకి ఇంకి కాబట్టి నున్నటి ఆర్ట్ పేపర్ మీద నిలవదు, కోటింగ్ లేని గరుకు కాగితమే కావాలి, అయినా పూర్తిగా ఆరదనుకోండి, బొటనవేలితో రుద్దితే ఇప్పటికీ లేత పింక్ అంటుతోంది. నాకదే ఇష్టం.

ఎందుకంటే పెద్ద ఆర్ట్ పుస్తకాల్లో ఉండేది పెయింటింగ్ కాదు, పెయింటింగ్ ఫొటో. అసలుది ఎక్కడో మ్యూజియం గోడకి ఉంటుంది, మన పేజీలో నీలం భూతద్దం కింద సయాన్, మజెంటా అనే ప్రింటింగ్ రంగుల చుక్కల గుంపే. ఈ సన్న పుస్తకంలో నీలం మాత్రం డ్రమ్ములోంచి వచ్చిన నీలమే, దీనికి వేరే అసలుది ఎక్కడా లేదు, నా ఒళ్ళో ఉన్నదే అసలుది. పైగా బొమ్మలో చెట్టో మనిషో ఉంటే కన్ను ఇట్టే పోల్చుకుని పేజీ తిప్పెయ్యమంటుంది, ఉత్త చతురస్రంలో పోల్చుకోడానికేం లేదు కదా, ఇక చెయ్యి పోయి తడుముతుంది.

ఇటలీ డిజైనర్ బ్రూనో మునారి 1949లోనే ఈ దారి పట్టాడు, చదవలేని పుస్తకాలని చెప్పి, అక్షరాల్లేకుండా రంగు కాగితాలు రకరకాలుగా కోసి కుట్టి పెట్టాడు. ఫ్రెంచ్ రచయిత గీ దెబోర్, డెన్మార్క్ చిత్రకారుడు ఆస్గర్ యోర్న్ అయితే 1959లో తమ పుస్తకానికి ఉప్పుకాగితం అట్ట వేశారు, పక్కనున్న పుస్తకాలు గీసుకుపోవాలని! అది అల్లరి, మునారిది ప్రేమ, నా ఓటు మునారికే.

అన్నీ బాగుంటాయని కాదు. ఒకటుంది, డిజైన్లు బ్రహ్మాండం, లోపలి పేజీలే 300 జీఎస్ఎం (చదరపు మీటరుకి ఎన్ని గ్రాములో చెప్పే లెక్క), అంటే 5 గ్రాములు తూగే మామూలు 80 జీఎస్ఎం ఎ4 షీటు బదులు దాదాపు 19 గ్రాములది. సరే బరువు పర్లేదు, కానీ కాగితంలో నార మిల్లులోనే ఒక వైపుకి వాలి ఉంటుంది, ఆ వాలు స్పైన్ వెంబడి ఉంటే పేజీ మెత్తగా వాలిపోతుంది, వీళ్ళు అడ్డంగా పెట్టి కుట్టేశారు. పేజీ తిప్పుతుంటే ఎదురు తిరుగుతుంది, మడత దగ్గర రంగంతా పగిలింది, రెండు చేతులా అదిమి పట్టుకుంటే గానీ తెరుచుకోదు. ఇంత డిజైన్ తెలిసినవాళ్ళు ఒక షీటు తీసుకుని అటోసారి ఇటోసారి వంచి చూస్తే పోయేదా?

రాత్రి ఫ్రెండ్‌కి ఆ పింక్ పేజీ ఫొటో తీసి పంపా. ఫ్లోరసెంట్ రంగు స్క్రీన్‌కి ఎలాగూ అందదు, కెమెరాలో ఏదో నీరసం గులాబీ రంగు వచ్చింది, వాడేమో "ఇందులో ఏముందిరా, రెండు గుండ్రాలు" అన్నాడు. ఆదివారం ఇంటికొచ్చి పట్టుకుని చూడరా అని చెప్పా, చేతులు కడుక్కుని.