ఆంటీ చదివితే నేను టైపు చేశాను: డాస్ రోజుల్లో చైనీస్ సాఫ్ట్‌వేర్

1993లో సింగపూర్‌లో, ఓడల్లో వచ్చే సరుకు కాగితాలు చూసే ఒక చిన్న ఆఫీసులో కంప్యూటర్ల పని నాది. తైవాన్‌లోని కావోష్యుంగ్ నుంచి, చైనాలోని షియామెన్ నుంచి మాకు సరుకు వచ్చేది. ఆ రెండు చోట్లకీ ఉత్తరాలు చేత్తో రాసి ఫ్యాక్స్ చేసేవాళ్ళు. "ఇవి కూడా కంప్యూటర్లో కొట్టుకునేట్టు చెయ్యవయ్యా" అన్నాడు బాస్. చైనీస్‌లో నాకు ఒకటి, రెండు, మూడు వచ్చు. వాటికి గీతలు లెక్కపెడితే చాలు. నాలుగు నుంచి నాకు తెలియదు.

అయినా ధైర్యంగానే ఒప్పుకున్నాను. కారణం, హైదరాబాద్‌లో జిస్ట్ కార్డు చూసి ఉన్నాను. పుణె సీడాక్ వాళ్ళ ఆ కార్డు కంప్యూటర్లో గుచ్చితే, విండోస్‌కి ముందు కంప్యూటర్లని నడిపిన డాస్‌లోనే తెలుగు వచ్చేది. మనకి సాధ్యమైంది వీళ్ళకి ఎందుకు కాదు అనుకున్నాను. సాధ్యమే, కాకపోతే లెక్క వేరు. మన అక్షరాలు, గుణింతాలు, ఒత్తులు అన్నీ కలిపినా మామూలు కీబోర్డు మీద సర్దుకుంటాయి, ఒక బైటుకు ఉన్న 256 గళ్ళలో పట్టేస్తాయి. చైనా 1980లో పెట్టుకున్న జీబీ 2312 అనే ప్రమాణంలో చైనీస్ అక్షరాలే 6,763. అందుకే ఒక్కో అక్షరానికి రెండు బైట్లు. తెర మీద చూపించాలంటే ఒక్కో అక్షరానికి నిలువు 16, అడ్డం 16 చుక్కల బొమ్మ కావాలి, అంటే 32 బైట్లు. మొత్తం 2,16,416 బైట్లు. ప్రింటరుకు కావలసిన 24 చుక్కల బొమ్మలైతే 4,86,936 బైట్లు. డాస్ ఇచ్చేది 640 కిలోబైట్లు. అందులో డాస్ తన భాగం తీసుకున్నాక, అక్షరాలు కూర్చున్నాక, ఇక ప్రోగ్రాము ఎక్కడ కూర్చోవాలి?

ఈ చిక్కుకు చైనాలో వాళ్ళు కనిపెట్టిన మందు కూడా కార్డే. అక్షరాల బొమ్మలన్నీ చిప్‌లో పెట్టి కార్డు మీద బిగించారు. 1985లో నీ గువాంగ్‌నాన్ అనే ఇంజినీరు తయారుచేసిన కార్డు పేరు లియన్‌షియాంగ్. ఆ పేరే తర్వాత కంపెనీకి పెట్టుకున్నారు, ఇప్పుడు మనం లెనోవో అంటున్నది ఆ కంపెనీనే. సింగపూర్‌లో కంప్యూటర్ సామాన్లు అమ్మే సిమ్ లిమ్ స్క్వేర్‌లో ఒక కొట్టువాడు కార్డు తప్ప గత్యంతరం లేదని నాకు గట్టిగా చెప్పాడు. ఆ రోజు అతని అరలో ఉన్నది కార్డులే.

కార్డు వద్దనుకున్నాను. మా 386 కంప్యూటర్లలో రెండేసి మెగాబైట్ల మెమరీ ఉంది. 640 దాటిన భాగంలోకి బొమ్మల్ని పంపే సాఫ్ట్‌వేర్ అప్పటికే దొరుకుతోంది. విండోస్ 3.1 మీద నడిచే చైనీస్ ప్యాకేజీలు కూడా వచ్చాయి కానీ రెండు మెగాబైట్లతో విండోస్, దాని మీద చైనీస్ అంటే ఒక అక్షరం కొట్టి టీ తాగి రావాలి.

అసలు తలనొప్పి అది కాదు. అక్షరాలకి నంబర్లు ఇచ్చే కోడ్‌లు రెండు. చైనాది జీబీ, సరళం చేసిన లిపి. తైవాన్‌ది 1984 నాటి బిగ్‌ఫైవ్, పాత లిపి, 13,053 అక్షరాలు. ఒకదానిలో రాసిన ఫైలు ఇంకోదానిలో తెరిస్తే చైనీస్ అక్షరాలే కనిపిస్తాయి, అర్థం మాత్రం ఉండదు. నాబోటి వాడికి ఇది మరీ ప్రమాదం, తెర నిండా చైనీస్ ఉంది కదా, పని అయిపోయిందనుకుంటాను. ఎవరో ఒకరు పక్కన కూర్చుని చదివి పెట్టాల్సిందే.

ఆ కూర్చున్నది ఆంటీ. తైవాన్ ఉత్తరాలు ఆవిడ చూసేది. సింగపూర్‌లో ఆ వయసు ఆడవాళ్ళని అందరూ ఆంటీ అనే అంటారు. ఆవిడ నన్ను "బాయ్" అనేది. ఇంట్లో మాట్లాడేది హొక్కియెన్ అనే దక్షిణ చైనా భాష, పాత చైనీస్ మీడియం బడిలో చదువు, పాత లిపి కొట్టిన పిండి. షియామెన్ ఉత్తరాలు చూసే కుర్రాడు ఇక్కడే కొత్త పద్ధతి బడుల్లో సరళ లిపితో, పిన్‌యిన్‌తో చదువుకున్నాడు. పిన్‌యిన్ అంటే చైనీస్ ఉచ్చారణని ఇంగ్లీషు అక్షరాల్లో రాయడం.

కుర్రాడి పని తేలిగ్గా తేలిపోయింది. యూనివర్సిటీలో పీహెచ్‌డీ చేస్తున్న మా నెల్లూరు మిత్రుడు, అమెరికాలో చైనా విద్యార్థుల సంఘం నడిపే ఐఎఫ్‌సీఎస్‌ఎస్ ఎఫ్‌టీపీ సైటు నుంచి ఎన్‌జే స్టార్ అనే చైనీస్ టైపింగ్ ప్రోగ్రాము దింపి ఫ్లాపీలో తెచ్చిచ్చాడు. ఆస్ట్రేలియాలో తయారైన షేర్‌వేర్ అది, అంటే ముందు వాడి చూసి తర్వాత డబ్బు కట్టేది. దానికి విడిగా చైనీస్ సిస్టమ్ అక్కర్లేదు, మామూలు డాస్‌లోనే తన తెర తను గీసుకుంటుంది. పిన్‌యిన్ కొడితే అదే ఉచ్చారణ ఉన్న అక్షరాలన్నీ కింద వరసగా వస్తాయి, అంకె నొక్కి ఏరుకోవాలి. కుర్రాడికి ఆ పూటే చేతులు తిరిగాయి. డబ్బు కట్టి రిజిస్టర్ చేసుకున్నాం.

ఆంటీ దగ్గరకొచ్చేసరికి కథ మారింది. ఆవిడకి పిన్‌యిన్ రాదు. నేర్చుకుందామన్నా, హొక్కియెన్ నాలుకకి "స", "ష" ఒకటే. పిన్‌యిన్ నడిచే ప్రామాణిక చైనీస్ మాండరిన్‌లో అవి వేరు. ఆవిడ "సి" కొడితే ఆవిడకి కావలసిన "షి" ఆ వరసలో ఉండదు. అక్షరం ఎలా ఉంటుందో కళ్ళు మూసుకుని రాయగలిగిన మనిషి, దాన్ని ఎలా పలకాలో యంత్రానికి చెప్పలేక ఆగిపోయేది. తైవాన్ వాళ్ళు వాడే బోపోమోఫో గుర్తులు ఆవిడకి బడిలో నేర్పారు, కానీ అదీ ఉచ్చారణ మీదే నడుస్తుంది కాబట్టి అదే గొడవ.

కాబట్టి ఆకారం మీద నడిచే పద్ధతి కావాలి. చైనాలో వాంగ్ యోంగ్‌మిన్ 1983లో తెచ్చిన వూబీ అప్పటికి బాగా పేరుపొందింది, కానీ అది సరళ లిపి లోకం. పాత లిపికి చూ బాంగ్-ఫూ 1976లో తయారుచేసిన త్సాంగ్‌జియే ఉంది. అక్షరాన్ని ముక్కలుగా విడగొట్టి, 24 మూల ఆకారాలున్న మీటల్లో గరిష్ఠంగా ఐదు నొక్కుతారు. బాగా వచ్చినవాళ్ళు చాలా వేగంగా కొడతారు. రావడానికి మాత్రం నెలలు పడుతుంది. దానికే ఒక తమ్ముడు ఉన్నాడు, జియన్‌యీ. మొదటి ముక్క, చివరి ముక్క చెబితే చాలు, సరిపోయే అక్షరాలు తెర మీద పెడుతుంది, ఏరుకోవాలి. ఆంటీకి ఇది నచ్చింది. "ఇది నేను రాసినట్టే ఉంది బాయ్" అంది. జియన్‌యీ ఉన్న సిస్టమ్ ఏది అని వెతికితే తైవాన్ వాళ్ళ ఈటెన్ అనే చైనీస్ సిస్టమ్ దొరికింది. పత్రికల్లో పోలిక పట్టికలు చూసి రాసుకున్నవన్నీ పక్కన పెట్టి అదే కొన్నాం.

మాన్యువల్ మొత్తం చైనీస్‌లో ఉంది. ఆంటీ చదివేది, నేను టైపు చేసేవాణ్ణి. ఆవిడకి చదవడం వచ్చు, అది చెబుతున్నదేమిటో తెలీదు. నాకు అది చెప్పబోయేది తెలుసు, చదవడం రాదు. "మెమరీ 'పైన' పెట్టమంటోంది, ఎక్కడ పైన?" అనేది. నేను కాన్ఫిగ్ ఫైల్లో, 640 దాటిన మెమరీని వాడుకోనిచ్చే హైమెమ్ వరస చూపించేవాణ్ణి. ఒక చోట బొమ్మలు ఎక్కడ ఉంచాలో అడుగుతుంది: మామూలు మెమరీలోనా, పై మెమరీలోనా, డిస్క్ మీదేనా. తెర బొమ్మలు పై మెమరీకి, ప్రింటరు బొమ్మలు డిస్క్‌కి పంపాను. అచ్చు నెమ్మదిస్తుంది, నెమ్మదించనీ, ఎలాగూ చుక్కలు గుద్దే డాట్ మ్యాట్రిక్స్ ప్రింటరే.

ఇలాంటి సిస్టమ్‌లు పనిచేసే తీరు ముచ్చటగా ఉంటుంది. ప్రోగ్రాము తెర మీద ఏదైనా రాయమని కంప్యూటర్‌ని అడిగినప్పుడు, ఆ అడగడాన్ని మధ్యలో పట్టుకుని, రెండేసి బైట్లు జతచేసి, బొమ్మ గీసి పెడతాయి. 1983 నాటి సీసీడాస్ అనే చైనీస్ డాస్ నుంచి ఇదే కిటుకు. అయితే వేగం కోసం అడగకుండా నేరుగా వీడియో మెమరీలో రాసేసే ప్రోగ్రాములు ఉంటాయి. వాటిని కూడా కనిపెట్టి ఉండే సదుపాయం కొత్త సిస్టమ్‌లలో వచ్చింది, దాన్ని ఆన్ చేయడం మర్చిపోకూడదు.

తమాషాలకి లోటు లేదు. డాస్ ప్రోగ్రాముల్లో డబ్బాల చుట్టూ గీసే గీతలు కూడా 128 దాటిన కోడ్‌లే. జీబీ సిస్టమ్ ఒకటి పరీక్షకి నడిపితే, ఒంటి గీతల చట్రం బదులు కుర్రాడికి "నా నా నా" అని వరసగా కనిపించింది. అంటే "ఏది ఏది ఏది". జంట గీతలైతే "తున్ తున్ తున్". బ్యాక్‌స్పేస్ ఒకసారి కొడితే సగం అక్షరం పోయి, మిగిలిన సగం పక్క అక్షరంతో జతకట్టి వాక్యమంతా తారుమారయ్యేది. రెండుసార్లు కొట్టమని అందరికీ చెప్పాను. ఉత్తరాలు కొట్టే వర్డ్‌స్టార్ ప్రోగ్రాముని నాన్ డాక్యుమెంట్ మోడ్‌లోనే వాడమన్నాను, డాక్యుమెంట్ మోడ్‌లో అది ఎనిమిదో బిట్‌ని తన సొంత గుర్తులకు వాడుకుంటుంది, చైనీస్ బతకదు.

నన్ను ఎక్కువగా తిప్పలు పెట్టింది షూ అనే ఇంటిపేరు. సరుకు వచ్చిందని తెలిపే నోటీసులకి సీ భాషలో చిన్న ప్రోగ్రాము రాశాను. ఖాతాదారులందరి పేర్లూ సరిగ్గా అచ్చయ్యేవి, షూ గారిది తప్ప. బిగ్‌ఫైవ్‌లో రెండో బైటు మామూలు ఇంగ్లీషు గుర్తుల చోట్లలో కూడా పడొచ్చు. షూలో అది సరిగ్గా బ్యాక్‌స్లాష్ మీద పడుతుంది. సీ కంపైలర్‌కి బ్యాక్‌స్లాష్ అంటే "తర్వాతది ప్రత్యేకం" అని అర్థం, దాన్ని మింగేస్తుంది. ఆ అక్షరం వెనక ఇంకో బ్యాక్‌స్లాష్ చేర్చితే సరిపోయింది. తైవాన్ ప్రోగ్రామర్లకి ఇది చిన్నప్పటి నుంచి తెలిసిన సంగతట.

ఎంఎస్ డాస్ 6 అదే ఏడాది వచ్చింది. యంత్రం లేచేటప్పుడు మెనూ చూపించే సౌకర్యం అందులో ఉంది. ఇంగ్లీషు, తైవాన్, చైనా అని మూడు వరసలు పెట్టాను. మనిషి మారితే రీబూట్.

రెండు లిపుల మధ్య మార్చుకోవడానికి హెచ్‌సీ అనే ఉచిత ప్రోగ్రాము కూడా తెచ్చుకున్నాం. పాతది కొత్తగా మార్చడం ఫరవాలేదు. కొత్తది పాతగా మార్చడమే తంటా. సరళ లిపిలో ఒకటిగా కలిపేసిన అక్షరాలు పాత లిపిలో రెండు. జుట్టుకీ, అభివృద్ధికీ సరళ లిపిలో ఒకటే "ఫా". షియామెన్ నుంచి వచ్చిన క్షవర యంత్రాల ఇన్‌వాయిస్ మార్చి ఆంటీకి ఇస్తే పగలబడి నవ్వింది, జుట్టు ఉన్న చోటల్లా అభివృద్ధి. ఆ తర్వాత మార్చిన ప్రతి కాగితం ఆవిడ కళ్ళ మీదుగా వెళ్ళాకే బయటికి వెళ్ళేది.

అవతలి వాళ్ళకి మాత్రం ఫైలు ఎప్పుడూ పంపలేదు. అచ్చు తీసి ఫ్యాక్సే చేశాం, దానికి కోడ్‌తో పని లేదు. కొన్నేళ్ళకి చైనీస్ విండోస్ 95 పెట్టినప్పుడు ఆంటీ అడిగింది ఒక్కటే, ఇందులో జియన్‌యీ ఉందా అని. ఉంది. నా డాస్ మెనూ ఆ సాయంత్రమే తీసేశాను.