మద్రాసు పెదనాన్నతో చంద్రగిరికి

తిరుపతిలో పుట్టి పెరిగినోళ్ళకు యాత్ర అంటే కొండకు పోవడమే. పక్కనే ఉన్న చంద్రగిరికి ఎప్పుడు పోయినారని అడిగితే, "చిన్నప్పుడు బడివాళ్ళు తీసుకుపోయినారు" అంటారు. నాదీ అదే లెక్క. చెన్నై నుంచి వచ్చిన మా పెదనాన్న పట్టుబట్టకుంటే ఈసారీ కదిలేదాన్ని కాదు. పోయిన తడవ ఆయన శుక్రవారం పోయి, ఆరోజు మ్యూజియానికి సెలవని తెలిసి బయటి నుంచే చూసి వచ్చేసినాడు. ఆ కసి మీదున్నాడు.

పులిహోర డబ్బా, నీళ్ళ సీసా సంచిలో వేసుకుని పొద్దున్నే బస్సెక్కినాం. కోట గోడ దాటి లోపలికి పోతే ఎదురుగా పచ్చిక, చింతచెట్లు, వాటి వెనక రాజమహల్, దాని వెనక బండరాళ్ళ కొండ. మూడంతస్తులు, వరసగా కమానులు, పైన గోపురాలు. అది చూడగానే నేను ఫోను తీసినా. పెదనాన్న మాత్రం నేరుగా గోడ దగ్గరికి పోయి అరచేత్తో తట్టినాడు. నలభై ఏళ్ళు మేస్త్రీ పని చేసిన చెయ్యి మరి.

"అమ్మీ, దూలాలు యాడుండాయి చెప్పు?"

తలెత్తి ఎంత వెతికినా కనపడలేదు. రాయి, ఇటుక, సున్నం తప్ప ఈ మహలు కట్టడానికి కట్టె వాడలేదంట. పైకప్పు బరువంతా కమానుల మీదుగా గోడల్లోకి దిగిపోతుందని చేతులు వంచి చూపించినాడు. "మేమైతే కమ్మి లేకుండా ఒక్క గది కూడా వెయ్యలేం" అని కాసేపు అక్కడే నిలబడినాడు.

లోపల మ్యూజియంలో శిల్పాలు చాలానే ఉన్నాయి. తిరుమలదేవి, చిన్నాదేవిల నడుమ చేతులు జోడించిన కృష్ణదేవరాయలి దగ్గర ఎక్కువసేపు ఆగినాం. కొండ మీద గుళ్ళో తోపులాటలో ఒక్క క్షణం చూసే రూపమిది, ఇక్కడ తీరిగ్గా చూడొచ్చు. రాణీమహల్ రెండంతస్తులదే. అది రాణి ఉన్న ఇల్లు కాదు, గుర్రాల సాల అనేవాళ్ళూ ఉన్నారు. నాకైతే ఆ మాట నమ్మబుద్ధి కాలేదు, గుర్రాలకెందుకమ్మా పైన గోపురం?

చింతచెట్టు కింద పులిహోర తింటూ నాకు తెలిసిన చరిత్ర చెప్పినా. 11వ శతాబ్దంలో యాదవరాయలు కట్టిన కోట ఇది. 1485లో విజయనగర సింహాసనం ఎక్కిన సాళువ నరసింహుడు అంతకుముందు ఏలింది ఇక్కడి నుంచే. 1565 యుద్ధంలో విజయనగరం పాడయినాక అక్కడి రాజులు పెనుకొండకు, తర్వాత ఇక్కడికి చేరినారు. 1639లో తూర్పు తీరంలో కాస్త ఇసుక నేలను ఇంగ్లీషు వర్తకులకు రాసిచ్చిన దామెర్ల వెంకటాద్రి నాయకుడు, చంద్రగిరి రాజు పెద వెంకటరాయలి సామంతుడే. ఆ నేల మీద లేచిందే మద్రాసు.

పెదనాన్న ముద్ద నోట్లో పెట్టుకోకుండా ఆగిపోయినాడు. "అంటే మా ఊరి పట్టా మీ ఊరోళ్ళదా?"

"అంతే పెదనాన్నా."

చెయ్యి కడుక్కుని ఇంకోసారి మహలు వైపు చూసినాడు.

"అయితే పోయి అడుగుదాం పదమ్మీ. నా ఇంటి పట్టాకు తిరగబట్టి పదకొండేళ్ళాయె."