పసుపు పూల గుడ్డ

"మేడమ్, జుట్టు రాలిపోతుందని పేషెంట్‌కి ఎట్లా చెప్పాలి?" ఈరోజు క్లాసులో ఒక పిల్ల లేచి అడిగింది. క్యాన్సర్‌కి ఇచ్చే చాలా కీమో మందులకి 2, 3 వారాల్లో రాలడం మొదలవుతుంది, ముందే చెప్పాలి, ట్రీట్‌మెంట్ అయ్యాక మళ్లీ వస్తుంది... పాఠం చెప్పేశాను. గొంతు మాత్రం మధ్యలో పట్టేసింది.

అక్క గుర్తొచ్చింది. పలమనేరు నుంచి ట్రీట్‌మెంట్‌కి వచ్చేది. "తిరపతిలో గుండు చూసి ఎవురమ్మా అడిగేది? కొండకి పోయొచ్చినామనుకుంటారు" అని వార్డంతా నవ్వించిన మనిషి. పాత కాటన్ చీరలు చింపి, కుట్టు తలకి ఒరుసుకోకుండా అంచులు పైకి మడిచి, చేత్తో తలగుడ్డలు కుట్టి పక్క బెడ్లవాళ్లకి కట్టేది. జుట్టు రాలేటప్పుడు తల ఎంత మంటగా ఉంటుందో నేను పుస్తకం చూసి చెప్తాను. ఆమెకి తెలుసు.

పోయిన నెల అక్క వెళ్లిపోయింది.

సాయంత్రం అలిపిరి దగ్గర బస్సు కోసం నిలబడుంటే, ఎదురుగా ఒకామె తలకి అదే పసుపు పూల గుడ్డ. అవే సన్న కుట్లు.

"ఎక్కడిదమ్మా ఇది?" అన్నాను.

"వార్డులో ఒకామె ఇచ్చింది. ఆమెకి ఇంకెవురో ఇచ్చినారంట."

ఒక్కసారి ముట్టుకోనా అని అడిగాను. ఏమీ అనకుండా తల వంచింది.