తొడలో దాత ఎముక, ఎక్స్‌రేలో రెండు గీతలు

తొడ ఎముకలో ఆస్టియోసార్కోమా, అంటే ఎముక క్యాన్సర్, అని బయాప్సీలో తేలగానే కాలు తీసేస్తారేమో అని హడలిపోయా, కానీ గడ్డ మోకాలి జాయింట్ దాకా రాలేదు, ఆ ముక్క వరకు కోసేసి ఖాళీలో చనిపోయిన దాత నుంచి తీసిన ఎముక పెడదాం అన్నారు డాక్టర్ గారు. ముందు కీమో, తర్వాత ఆపరేషన్, మళ్ళీ కీమో. కీమో గురించి ఇక్కడ మొదలుపెడితే తెమలదు.

కిడ్నీ పెట్టించుకున్నవాళ్ళలా జీవితాంతం మందులు మింగాలేమో అని మా అమ్మ బెంగ. అవేం అక్కర్లేదమ్మా అన్నారు, ఆ ఎముకలో బతికున్న కణాలు ఉండవు కదా, హెచ్ఐవీ హెపటైటిస్ లాంటి టెస్టులన్నీ చేసి మైనస్ 80 డిగ్రీల చలిలో బోన్ బ్యాంకులో దాస్తారట. కొలత మాత్రం కుదరాలి, దానికే నా స్కాన్లన్నీ ముందేసుకుని కూర్చున్నారు.

ఆపరేషన్ అయ్యాకే అసలు పరీక్ష. ప్లేటు, స్క్రూలతో బిగించిన ఆ ముక్కకి పైనొకటి కిందొకటి అతుకులు, ఎక్స్‌రేలో సన్నటి నల్లగీతల్లా కనిపించేవి, ఫిల్మ్ లైటు మీద పెట్టగానే నా కళ్ళు వాటి మీదకే పోయేవి. మోకాలి వైపుది ముందు మసకబారింది, అక్కడ ఎముక స్పాంజిలా ఉంటుంది కాబట్టి తొందరగా అతుకుతుందట. తొడ మధ్యలోది మొండికేసింది, అసలే గట్టి ఎముక, పైగా కీమో నడుస్తుంటే ఇంకా లేటు. అప్పటిదాకా కాలు మీద బరువు వెయ్యకూడదు, అంతా వాకర్ మీదే. చివరికి నడుం పక్కన నా ఎముకే కొంచెం తీసి అక్కడ పెట్టారు, అప్పుడుగానీ అది దారికి రాలేదు. నిజం చెప్పొద్దూ, తొడ కంటే ఆ నడుం పక్క కోతే ఎక్కువ సలిపింది.

ఇప్పుడు కర్ర లేకుండా నడుస్తున్నా. పరుగులు, దూకుళ్ళు వద్దన్నారు, దాత ఎముక పైపైన, అంచుల్లో మాత్రమే నా ఎముకగా మారుతుందట, లోపల చాలావరకు జీవం లేకుండానే ఉండిపోతుంది, కాబట్టి ఏళ్ళు గడిచాక కూడా విరగొచ్చు. ఇన్ఫెక్షన్ పడితే ఒక్కోసారి మొత్తం తీసేయాల్సి వస్తుంది, అందుకే కాలు కాస్త వేడిగా, ఎర్రగా అనిపించినా చూపించుకుంటా. మెటల్‌ది పెట్టించుకుంటే ఎప్పుడో నడిచేదానివి కదా అంటుంది మా అక్క, నిజమే, కానీ మోకాలి దాకా అంతా మార్చేసేవాళ్ళయితే? నా మోకాలు నాకుంది, అది వంగుతోంది, నాకు అది చాలు.