రబ్బరుకు స్నానం చేయించిన వారం

నిన్న సాయంత్రం నా స్కూటరు ఒడిశాలోని మా పర్లాకిమిడి నుండి ఆంధ్రాలోని పాతపట్నం దాకా ఒక్కసారి కూడా దగ్గకుండా వెళ్ళి వచ్చింది. పోనురాను పది కిలోమీటర్లు లేని ఆ దారి కోసం నేను వారం రోజులు పెట్రోలు వాసనలో మునిగి ఉన్నానంటే మా వీధిలో ఎవరూ నమ్మరు గానీ, మా ఆవిడ మాత్రం నమ్ముతుంది.

నాది 2014 నాటి గేర్లు లేని 110 సీసీ బండి. 2020 ఏప్రిల్ నుండి పొగ కాలుష్యంపై బీఎస్6 నియమాలు వచ్చాక కొత్త స్కూటర్లలో, పెట్రోలును గాలితో కలిపి ఇంజనుకు అందించే కార్బురేటరు పోయి, దాని బదులు ఫ్యూయల్ ఇంజెక్షన్ వచ్చేసింది కాబట్టి కార్బురేటరు ఉన్న బండి అంటేనే ఇప్పుడు పెద్ద షెడ్లలో కుర్రాళ్ళు ముఖం చిట్లిస్తున్నారు. మా అమ్మాయి కాన్పుకని విశాఖపట్నం వెళ్ళి నాలుగు నెలలు ఉండిపోయాము. ఆంధ్రాలో కన్నా మా వైపు పెట్రోలు చవక కాబట్టి వెళ్ళే ముందు ట్యాంకు నిండా పోయించి మరీ వెళ్ళాను. ట్యాంకులోని పెట్రోలుకు ఏమీ కాలేదు కానీ, కార్బురేటరు గిన్నెలో మిగిలిన కాస్తా ఆవిరైపోయి అడుగున పాకం లాంటి జిగురు మిగిల్చింది. తిరిగి వచ్చాక బండి స్టార్టయ్యేది, యాక్సిలరేటరు వదలగానే ఆగిపోయేది.

సర్వీసు సెంటరులో మూత కూడా విప్పకుండానే కార్బురేటరు మొత్తం మార్చాలని, మూడు వేల ఎనిమిది వందలవుతుందని చెప్పారు. ఏది పాడైందో ఒకసారి చూపించమంటే కస్టమర్లు లోపలికి రాకూడదన్నారు. చూపించి ఉంటే డబ్బు కట్టేవాడినేమో. చూపించనందుకే ఇంటికి వచ్చి స్క్రూడ్రైవరు పట్టుకున్నాను.

సీటు కింద డబ్బా, రెండు గొట్టాలు, కేబులు తీసేస్తే కార్బురేటరు అరగంటలో చేతికి వచ్చింది. ఆ గొట్టాలలో ఒకటి పెట్రోలుది, రెండవది ఇంజను పీల్చే గాలితో పెట్రోలు కాక్‌ను తెరిచేది. రెండూ ఒకేలా ఉంటాయి కనుక పీకక ముందే ఫోనులో ఫొటో తీసుకోవాలి.

గిన్నె విప్పాక రెండు ఇత్తడి జెట్లు, అంటే పెట్రోలు వచ్చే సన్నటి రంధ్రాలున్న మరలు, కనిపిస్తాయి; వాటిలో చిన్నది పైలట్ జెట్. యాక్సిలరేటరు తిప్పనప్పుడు ఇంజనుకు దాదాపు దాని ద్వారానే పెట్రోలు అందుతుంది. కిటికీ వెలుగుకు ఎదురుగా పట్టుకుని చూస్తే దాని రంధ్రం గుండా సూదిమొనంత వెలుగు రావాలి, నాకు చీకటే కనిపించింది. గుండుసూదితో పొడిస్తే రంధ్రం పెద్దదై పెట్రోలు ఎక్కువ తాగుతుంది కాబట్టి, పాత చార్జరు వైరులోని సన్నటి రాగి పోగు ఒకటి లాగి దానితో మెల్లగా శుభ్రం చేశాను. ఇత్తడి మెత్తన కావడం చేత జెట్టు గాడికి సరిపోని స్క్రూడ్రైవరు పెడితే అంచులు అరిగిపోతాయి. మిక్స్‌చరు స్క్రూను (గాలి, పెట్రోలు పాళ్ళు సరిచేసేది) తీసే ముందు పూర్తిగా లోపలికి బిగించి, ఎన్ని చుట్లు తిరిగిందో లెక్కపెట్టాను. రెండు చుట్లు, మీద ఒక పావు. ఆ లెక్కను గోడ మీద క్యాలెండరులో రాసుకున్నాను, ఇప్పటికీ ఉంది.

ఇంతవరకు ఎవరైనా చేయగలరు. తరువాత నేను చేసిన పని ఎవరూ చేయకూడదు. నేను చూసిన వీడియోలో ఒక పెద్దమనిషి భాగాలన్నీ కార్బురేటరు కడిగే క్లీనరులో నానబెట్టమన్నాడు. అన్నీ అంటే అన్నీ అనుకుని, పైన నల్లటి మూత కింద ఉన్న పలుచని రబ్బరు పొరను, అంటే డయాఫ్రంను కూడా స్టీలు గిన్నెలో రాత్రంతా నానబెట్టాను. పొద్దున అది కొంచెం వెడల్పైనట్టు కనిపించినా, వేలితో నొక్కి గాడిలో కూర్చోబెట్టి మూత బిగించేశాను.

ఇంజను మొదటి బటనుకే స్టార్టయి గడియారంలా నడిచింది. ఆ ఆనందంలో పక్కింటాయనను పిలిచి చూపించి, షెడ్డువాళ్ళ దోపిడీ గురించి ఒక ఉపన్యాసం ఇచ్చాను. తీరా రోడ్డెక్కితే బండి ఇరవై దాటలేదు. ఎంత తిప్పినా మూలుగే తప్ప వేగం లేదు. పాతపట్నం దారిలో పాలక్యాన్ల సైకిలు ఒకటి నన్ను దాటిపోతుంటే, ఆ పాలాయన వెనక్కి తిరిగి "తాడు కట్టమంటారా మాస్టారూ?" అన్నాడు.

నాలుగు రోజులు అన్ని చోట్లా వెతికాను, అసలు చోట తప్ప. ప్లగ్గు మార్చాను, ఎయిర్ ఫిల్టరు మార్చాను, పెద్ద జెట్టును మూడుసార్లు విప్పి కడిగాను. చివరకు బండిని తోసుకుంటూ బజారులో చెట్టు కింద కూర్చునే మెకానిక్కు దగ్గరకు వెళ్ళాను. అతను పైమూత రెండు స్క్రూలు విప్పి చూడగానే, రబ్బరు అంచు తడిసిన అప్పడంలా మడతలు పడి మూత కింద నలిగి ఉంది. "ఆజ్ఞా (అయ్యా), రబ్బరుకు కూడా స్నానం చేయించారా?" అని ఒడియాలో అడిగాడు. పక్కన టీ తాగుతున్న నలుగురూ నవ్వారు. ముప్ఫై ఏళ్ళు పిల్లలకు సైన్సు చెప్పినవాడినని అతనికి తెలియకపోవడమే ఆ రోజుకు నాకు దక్కిన మర్యాద.

నేను మూతలో ఒక పొర మాత్రమే అనుకున్న ఆ రబ్బరే బండిని లాగించేదని అతను విప్పి చూపించాడు. ఇంజను పీల్చినప్పుడు పొర పైభాగంలో గాలి పీడనం తగ్గి, దానికి అతికిన పిస్టను పైకి లేస్తుంది; దానితో పాటు సూది లేచి పెద్ద జెట్టు దారి తెరుచుకుంటుంది. అంచు దగ్గర గాలి పోతే పిస్టను లేవదు, నేను హ్యాండిలు ఎంత తిప్పినా లేవదు. ఇదే పాఠాన్ని పీడనం పేరుతో ఎన్ని తరగతులకు చెప్పానో!

కొత్తది కొనమంటాడనుకున్నాను. అలా అనకుండా, ఎండ తగలకుండా ఫ్యాను కింద రెండు రోజులు ఉంచితే క్లీనరు ఆరి రబ్బరు మళ్ళీ కుదించుకుంటుందని చెప్పి డబ్బు తీసుకోకుండా పంపేశాడు. మూడవ రోజు పొద్దున అది గాడిలో తేలిగ్గా కూర్చుంది. స్ప్రింగు వంగకుండా నిలబెట్టి, రబ్బరు అంచున ఉన్న చిన్న నాలుకను దాని గూటిలో సరిపెట్టి, మూత బిగించాక పిస్టనును వేలితో ఎత్తి వదిలాను. అది టప్పున పడకుండా నెమ్మదిగా జారుతూ దిగింది. మరోసారి ఎత్తి వదిలాను, కేవలం చూడడానికి.

స్టీలు గిన్నెను మూడుసార్లు తోమినా వాసన పోలేదని మా ఆవిడ దానిని బండి సామానులో పడేసింది.